జీవాలు చూపించిన నేల

చిన్నయ్య గొర్రెల వెనకే పుట్టి పెరిగాడు. బేస్తవారిపేట దగ్గర మా ఊళ్ళో అతని కుటుంబానికి మంద తప్ప సెంటు భూమి లేదు. ఎవరి బీట్లోనో మేపుకోవాలి, వాళ్ళు కసిరితే తోలుకుపోవాలి. అట్లా తిరిగి తిరిగి విసిగిన అతని భార్య రంగమ్మకు ఒకటే కోరిక మిగిలింది. పొమ్మనేవాడు లేని నేల కొంచెం కావాలి. అందులో చిన్న ఇల్లు, వెనక నిమ్మచెట్లు.

నేల ఎంచుకోవడానికి చిన్నయ్య ఎవరినీ సలహా అడగలేదు. రోడ్డు వారన గురుస్వామి అనే రైతుకు ఒక బీడు ఉండేది. మందను ఎటు తోలినా అది ఆ బీటికే లాగేది. గొర్రెలు వంచిన తల ఎత్తకుండా అక్కడి మన్ను నాకేవి, కడుపునిండినట్టు అక్కడే పడుకునేవి. జీవాలకు నచ్చిన చోటు చెడ్డదై ఉండదని చిన్నయ్య నమ్మకం. మేత విషయంలోనూ నీళ్ళ విషయంలోనూ మందను చూసే నడుచుకున్న మనిషి. గొర్రెల్లో ఎక్కువ భాగం అమ్మి ఆ బీడు కొన్నాడు.

నేను తాపీ పని చేస్తాను. ఇల్లు కట్టమని నన్ను పిలిచాడు. పునాది తవ్వుతుంటే పైమన్ను తెల్లగా పిండిలా రాలింది. మోకాటి లోతున మట్టి తడిపితే సబ్బులా జారింది. గుంతలో పోసిన నీళ్ళు సాయంత్రానికి కూడా ఇంకలేదు.

"ఇది చౌడు, మామా. కొనకముందు ఒక్క గుంత తవ్వి చూడాల్సింది" అన్నాను.

"మరి జీవాలు అంత ఇష్టంగా నాకినాయే?"

"ఉప్పుంది కాబట్టే నాకినాయి."

చిన్నయ్య గడ్డపార కింద పెట్టి, నేరుగా గురుస్వామి ఇంటికి నడిచాడు. నేనూ వెంట పోయాను. గురుస్వామి గేదెకు మేత వేస్తున్నాడు.

"చౌడని ఒక మాట చెప్పుంటే నీదేం పోయేది, అన్నా?"

"ఏంది చిన్నయ్యా, ఇన్నేళ్ళు అక్కడ నాకింది నీ జీవాలే గదా. గొర్రెలోడికి తెలియని ఉప్పా అనుకున్నా. మందకు పనికొస్తాదని కొంటాండావనుకున్నా."

గురుస్వామి గడ్డి దులుపుకుని మళ్ళీ అన్నాడు. "నా చేలన్నిట్లో మంద కట్టమని ఏటేటా పిలిచినా. ఆ బీట్లో ఎప్పుడన్నా కట్టమన్నానా?"

మా వైపు పంట వేసే చేలో కొన్ని రాత్రులు మందను ఆపించి, దాని పెంటికలే ఎరువు చేసుకుంటారు. పంట రాని నేలకు ఎరువెందుకు? ఆ బీట్లో ఒక్కసారీ మంద కట్టలేదన్న సంగతి చిన్నయ్య కంటే బాగా ఎవరికి తెలుసు? తిరిగి వచ్చి మళ్ళీ గడ్డపార అందుకున్నాడు.

నాకు చేతనైంది నేను చేశాను. రాతి పునాది ఎత్తుగా లేపి, ఉప్పు పైకి ఎక్కకుండా గోడల కింద మార్కాపురం పలకలు పరిచాను. ఇసుకా నీళ్ళూ బయటి నుంచి తెప్పించాను. గోడలు నిలిచాయి. వెనక చేను మాత్రం నా పని కాదు. నిమ్మమొక్కల ఆకులు కొసల నుంచి మాడుకుంటూ వచ్చాయి. రంగమ్మ ఎర్రమన్ను గంపలతో మోసి గుంతలు నింపి మళ్ళీ నాటింది. అవీ పోయాయి. జిప్సం వేసి, మంచినీళ్ళు నిలగట్టి కడిగితే నేల కొంత తేరుకుంటుంది. ఆ మంచినీళ్ళ కోసం మిగిలిన గొర్రెల్ని అమ్మి బోరు వేయిస్తే, అందులోనూ ఉప్పునీళ్ళే పడ్డాయి.

చివరికి అమ్మేద్దామనుకున్నారు. వానలు పడి బీడంతా పచ్చగడ్డి లేచినప్పుడు, గిద్దలూరు నుంచి మురళీధర్ అనే ఆయన చూడడానికి వస్తున్నానని కబురు పెట్టాడు. ఇంటికి సున్నం వేయమని రంగమ్మ నన్ను పిలిపించింది. ఆయన వచ్చే రోజు పొద్దున, నేను సున్నం వేస్తుంటే, నా ముందే మొగుడితో అంది. "మనకెవురూ చెప్పలా. నువ్వూ చెప్పబాక."

మురళీధర్ ఇల్లంతా తిరిగి చూశాడు. వెనక పచ్చదనం చూసి సంతోషపడ్డాడు.

"ఇల్లు నచ్చింది. వెనక బత్తాయి పెట్టుకోవచ్చా, పెద్దాయనా?"

రంగమ్మ గడపలో నిలబడి మొగుడి మొహమే చూస్తోంది. చిన్నయ్య గడ్డి వైపు చూశాడు.

"రాదు నాయనా. చౌడు."

మురళీధర్ బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"గురుస్వామి నోరు మూసుకుని బాగుపడినాడు. నీకు ఇప్పుడొచ్చిందా నోరు?" అంది రంగమ్మ. ఆమె గొంతు పెంచలేదు. చూరులోంచి కొడవలి తీసుకుని కూలికి పోయింది.

చిన్నయ్య అరుగు మీద కూర్చుని, సగం తెల్లబడిన గోడను చూశాడు.

"ఇంక సున్నం ఆపెయ్, అల్లుడా" అన్నాడు.