ఉపవాసం చెడగొట్టిన ఎక్స్‌రే

ఆ ఏకాదశి సాయంత్రం కుండల్‌వాడిలో భజన నడిపిస్తూ చేతులు పైకెత్తాను. కుడి నడుము నుంచి గజ్జల దాకా కత్తి దిగినట్టయింది. నేలమీద పడి దొర్లాను. పాండురంగడు నన్ను ఆవహించాడనుకొని మావాళ్లు తాళాలు ఇంకా వేగంగా కొట్టారు. ఇద్దరు కాళ్లు మొక్కారు. నేను "ఆపండి" అని అరిస్తే, అందరూ "ఆపండి" అని రాగం తీశారు.

మర్నాడు మూత్రం ఎర్రగా పడింది. నా భార్య గంగుబాయికి చెప్పాను.

"దేవుడు ఒంటిమీదికస్తే నెత్తురు పడతదా? దవాఖానకు నడువు" అంది.

అది రెండో ప్రపంచ యుద్ధకాలం. నాందేడ్‌లో ఒక డాక్టరు దగ్గర ఎక్స్‌రే మిషను ఉందని విని, ధర్మాబాద్‌లో రైలెక్కి వెళ్లాం. ఆయన మరాఠీ మనిషి, మన భాష బాగా మాట్లాడతాడు. భజన చెప్పేవాణ్ణి గనుక నన్ను బువా అన్నాడు.

"కిడ్నీల రాయి ఉన్నట్టుంది, బువా. పెద్దదై పైననే ఇరుక్కుంటే కోసి తియ్యాలె. చిన్నదై కిందికి దిగితే నీళ్లు తాగితేనే పడిపోతది. ఫోటో తీస్తేనే ఎరుకైతది. ఇయ్యాల సాయంత్రం ఆముదం తాగుండ్రి. రేపు పొద్దుగాల ఉపాసంతోని రాండ్రి."

నేను నవ్వాను. ఇరవై ఏళ్లుగా ఒక్క ఏకాదశీ తప్పనివాడికి ఉపవాసం నేర్పుతున్నాడు.

మా వైపు ఉపవాసమంటే అన్నం, జొన్నరొట్టె, పప్పు ముట్టకపోవడం. ఆముదం తన పని చేసి నన్ను పిండేసింది. పొద్దున సత్రంలో గంగుబాయి కందగడ్డలు ఉడికించింది, పల్లీలు వేయించింది, నాలుగు అరటిపళ్లు ముందు పెట్టింది. "ఏం చేస్తరో ఏమో, కడుపునిండ ఉపాసముండు" అంది. ఉన్నాను.

డాక్టరు నా మొలతాడు తీయించి, బల్లమీద పడుకోబెట్టి, ఫోటో తీశాడు. దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"గిదేంది బువా? కడుపంత గాలి నిండి మబ్బు లెక్క మొగులు పట్టింది. రాయి కాదు, కిడ్నీలే కనవడ్తలేవు. ఏం తిన్నరు?"

"ఏం తినలేదు. ఉపాసం."

"ఉపాసంల ఏం తిన్నరు?"

మరాఠీవాళ్ల ఉపవాసమూ మాలాంటిదే గనుకనే ఆ ప్రశ్న అడగగలిగాడు. చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"మెత్తగనే ఉడకపెట్టిన, డాక్టర్ సాబ్" అంది గంగుబాయి.

"బొంబాయి నుంచి ఫిల్ములు అస్తలేవు, తల్లీ. ఇగ రెండే ఉన్నయి. అవి గూడ ఖరాబైతే, హైదరాబాద్ పోయి పొట్ట కోసి ఎతుకుడే."

నా నవ్వు పోయింది. ఈ శరీరం నశించేదని ఎందరికో బోధించాను. ఆ బల్లమీద మాత్రం అది నాదే అనిపించింది.

రెండు రోజులాగి మళ్లీ ఆముదం తాగాను. ఆ తర్వాత కందగడ్డ కాదు కదా, ఏదీ నోట పెట్టలేదు. గంగుబాయి తిండి మూట పట్టుకొని సత్రం బయట కూర్చుంది. నిజం ఒప్పుకుంటున్నాను, అది నా జీవితంలో మొదటి ఉపవాసం.

ఈసారి ముందు, కిడ్నీలు ఫోటోలో తేలేలా, చేతి నరంలోకి డై అనే మందు ఎక్కించారు. "ఒళ్లు వేడెక్కుతది, భయపడకుండ్రి. దురద పెడితే చెప్పుండ్రి" అన్నాడు డాక్టరు. ఒళ్లంతా సెగ పాకింది. నోట్లో ఇనుము రుచి తగిలింది. ఊపిరి బిగబట్టమన్నప్పుడు మనసులోనే వేడుకున్నాను: విఠలా, రాయివై నిలబడ్డవాడివి, రాయి సంగతి నీకే తెలియాలి.

"దొరికింది" అన్నాడు డాక్టరు. "జొన్నగింజంత ఉన్నది. బ్లాడర్ దగ్గరికి దిగింది. కత్తి అక్కర్లేదు, నీళ్లు తాగుండ్రి."

ఇంటికొచ్చిన ఐదో రోజు అది చెంబులో టంగుమని పడింది. గంగుబాయి వంగి చూసింది. "గింతదానికా గంత లొల్లి?" అంది. చూడవచ్చిన భజనవాళ్లలో ఒకాయన దానికి కుంకుమ పెట్టబోతే, ఆమే చేయి పట్టి ఆపింది.

ఇప్పుడు కులాసాగా ఉన్నాను. దాహమున్నా లేకున్నా నీళ్లు తాగుతున్నాను. ఏకాదశికి కందగడ్డలూ తింటున్నాను. ఎక్స్‌రేకు వెళ్లేవాళ్లకు నా మనవి ఒక్కటే. డాక్టరు ఉపవాసమనగానే తలూపి రావద్దు. ఏ వేళ నుంచి తినకూడదు, నీళ్లయినా తాగొచ్చా, అరటిపండు సంగతేమిటి అని సిగ్గుపడకుండా అడగండి. దేవుడు మనసు చూసి సర్దుకుంటాడు. ఆ మిషను కడుపే చూస్తుంది.