మాట తెర మీదికి వచ్చేలోగా

మావారి గొంతు తీసేసిన ఏడాది మేము డిట్రాయిట్ పక్కన నోవైలో ఉండేవాళ్ళం. ఎనభైల చివరి రోజులు. ఆయన ఒక కార్ల కంపెనీలో బ్రేకులు పరీక్షించే ఇంజినీరు. సిగరెట్టు ముట్టి ఎరగని మనిషి. గొంతు బొంగురుపోతే ఆ చలికి పట్టిన జలుబే అనుకున్నాం. జలుబు కాదు, క్యాన్సర్ అని తేలేసరికి వేరే దారి మిగల్లేదు. డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేసి, మెడ అడుగున చిన్న రంధ్రం చేసి, ఇక ఊపిరి ఇక్కణ్ణించే అన్నారు. ప్రాణం దక్కింది. మాట పోయింది.

మాట పోవడమంటే ఏమిటో ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ మాకు తెలియలేదు. అక్కడ అందరూ మంచం పక్కన ఆగి, ఆయన పలక మీద రాయడం అయ్యేదాకా ఉండి, చదివి వెళ్ళేవాళ్ళు. ఇంటికొచ్చాక తెలిసింది. నేను స్టవ్ దగ్గర అటు తిరిగి ఉంటే ఆయన నన్ను పిలవలేరు. గరిటెతో బల్ల మీద కొట్టేవారు. ఆ చప్పుడుకి ఉలిక్కిపడి తిరిగి చూస్తే, పలక మీద "మంచినీళ్ళు" అని ఉండేది. అంత చిన్న మాటకి అంత చప్పుడు చేయాల్సి వచ్చినందుకు ఆయన మొహం చిన్నబోయేది.

గొంతుకి ఆనించుకుంటే గుర్రుమంటూ మాటలు పలికే బ్యాటరీ పరికరం ఒకటి ఆస్పత్రి వాళ్ళు ఇచ్చారు. దాంతో ఆయన మా అమ్మాయిని మొదటిసారి పేరు పెట్టి పిలిచిన రోజు, పదమూడేళ్ళ పిల్ల, కంచం వదిలేసి తన గదిలోకి వెళ్ళిపోయింది. ఆయన ఆ పరికరాన్ని డ్రాయర్లో పెట్టేశారు.

ఆఫీసులో ఆయన పని సగం మాటలతోనే. బ్రేకు ఎక్కడ జారింది, ఎందుకు జారింది అని నలుగురితో వాదించి ఒప్పించాలి. మళ్ళీ పనిలో చేరాక మొదటి మీటింగులో కాగితం మీద ప్రశ్న రాసి పక్కవాడికి అందించారట. అతను చదివి, తలూపి, మడిచి జేబులో పెట్టుకున్నాడట. ఇంటికొచ్చి అది నాకు పలక మీద రాసి చూపించి, చెరిపేశారు.

ఆయన మేనేజరు చెడ్డవాడేమీ కాదు. టెస్ట్ ట్రాక్ మీద పనిచేసే ఇంజినీర్లకి ల్యాప్‌టాప్‌లు కొనాలని కంపెనీ అప్పట్లో ఆలోచిస్తోంది. పోటీ పడుతున్న ఇద్దరు తయారీదార్లు చెరో మోడల్ వాడి చూడమని పంపారు. ఆ రెండూ మావారి చేతికిచ్చి, కొన్నాళ్ళు రోజువారీ పనికి వాడి, ఏది ఫాస్టో రిపోర్టు రాయమన్నాడు. నీకు మాట్లాడుకోడానికీ పనికొస్తాయి కదా అన్నాడు.

ఒక శుక్రవారం సాయంత్రం ఆయన రెండింటినీ వంటింటి బల్ల మీద పెట్టారు. ఒకటి పెద్దది, కుట్టు మిషనంత బరువు. మూత తీస్తే నీలి తెర, లోపల హార్డ్ డిస్క్. రెండోది లావుపాటి పుస్తకమంత. తెర మీద ఎనిమిది వరుసలకి మించి పట్టవు. టార్చిలైటు సెల్స్‌తో నడుస్తుంది. కంప్యూటర్ పత్రికలన్నీ పెద్దదాన్ని ఆకాశానికెత్తాయి. చిన్నదాన్ని ఆటబొమ్మ అన్నాయి.

ఆయన ఆఫీసు స్టాప్‌వాచ్ తీసి ముందు లెక్కలు చేయించారు. పెద్దది పూర్తిచేసి ఊరుకున్నా చిన్నది ఇంకా ఈడుస్తూనే ఉంది.

"ఇంకేముందండీ, పెద్దదే కదా" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. రెండింటినీ ఆపి మూతలు వేసి, నన్ను సింకు దగ్గర నిలబడి ఏదైనా అడగమని సైగ చేశారు.

"కూరలో కారం సరిపోయిందా?" అన్నాను.

పెద్దదాని మూత తెరిచి స్విచ్ వేశారు. అది తన మెమరీ అంతా లెక్క చూసుకుంది. డిస్క్ గిరగిరా తిరిగింది. ఏవో అక్షరాలు వచ్చి పోయాయి. ఆయన కమాండు కొట్టి, రాసే ప్రోగ్రామ్ తెరిచి, అది వచ్చేదాకా ఆగారు. ఈలోగా నేను గిన్నెలు కడగడం మొదలుపెట్టాను. అప్పుడు తెర మీద పడింది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "ఎక్కువైంది."

చిన్నది మూత తీసీ తీయగానే సిద్ధంగా ఉంది. మళ్ళీ అదే ప్రశ్న నా నోట్లో ఉండగానే "సరిపోయింది" అని కొట్టారు.

"ఈ కాస్తలో కారం తగ్గిపోయిందా?"

ఆయన నవ్వారు. ఆపరేషన్ తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. చప్పుడు లేదు, భుజాలు కదిలాయి అంతే.

అప్పట్నించి చిన్నది చంకలో పెట్టుకునే తిరిగేవారు. నాకూ ధైర్యం వచ్చింది. ఆ నెలలోనే స్నేహితులు భోజనాలకి పిలిస్తే, చాలాకాలం తర్వాత వెళ్ళాం. బేస్‌మెంట్‌లో మగవాళ్ళంతా చేరి ఇళ్ళ గురించి, ఇంట్రెస్ట్ రేట్ల గురించి మాట్లాడుకుంటున్నారు. మావారు ఒళ్ళో పెట్టుకుని టైప్ చేసి తెర అటు తిప్పేసరికి మాట అట్లాంటాలో ఉద్యోగాల మీదికి వెళ్ళిపోయింది. ఉద్యోగాల గురించి రాసి తిప్పేసరికి ఎవరి మామగారి వీసా గురించో నడుస్తోంది. వాళ్ళు చదివి మర్యాదగా "అవునవును" అని తిరిగి తమ మాటల్లో పడేవారు.

వరంగల్ నుంచి వచ్చిన స్నేహితుడొకతను ఇది గమనించాడు. "ఏయ్, జర ఆగుండ్రి" అని అందర్నీ ఆపి, "ఏందన్నా, నిమ్మలంగ రాయి, మేం చూస్తం" అన్నాడు.

అందరూ ఆగారు. గదినిండా మనుషులు ఒక్కసారిగా నోరు మూసుకుని ఆయన వేళ్ళ వైపు చూస్తూ కూర్చున్నారు. మెట్ల మీద నిలబడి నేనూ చూశాను. ఆయన వేళ్ళు తడబడ్డాయి. కొట్టింది చెరిపారు, మళ్ళీ కొట్టారు, చెరిపారు. చివరికి "ఏమీ లేదు" అని తెర తిప్పి చూపించి, మూత వేసేశారు. ఎవరూ ఆగకపోతే ఒక బాధ, ఆగితే అంతకన్నా పెద్ద బాధ అని నాకు అప్పుడే తెలిసింది. ఏ యంత్రం ఎంత ఫాస్ట్‌గా తెరుచుకున్నా పదిమంది మాట్లాడుకునే వేగాన్ని అందుకోలేదు.  

జనవరిలో నేను పడ్డాను.

సాయంత్రం అయిదు దాటితే అక్కడ చీకటే. చెత్తడబ్బా రోడ్డు పక్కకి లాగుతుంటే మంచు మీద కాలు జారి డ్రైవ్‌వేలో పడ్డాను. మోకాలి కింద ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. అమ్మాయి స్కూల్లో బ్యాండ్ ప్రాక్టీసులో ఉంది. ఎంతసేపు పడి ఉన్నానో తెలియదు, మావారి కారు వచ్చింది.

"ఏమండీ, కాలు విరిగినట్టుంది. నన్ను లేపకండి. ఎవరికైనా చెప్పండి" అన్నాను.

ఆయన మా ఇంటి తలుపు వైపు చూశారు. లోపల ఫోన్ ఉంది. ఫోన్ తీసి ఏం చేయాలి? కారులోని దుప్పటి తెచ్చి నా మీద కప్పారు. డిక్కీ తెరిచి చిన్న యంత్రం తీసుకుని, మంచులో పడుతూ లేస్తూ రోడ్డు దాటి ఎదురింటికి వెళ్ళారు.

ఆ ఇంట్లో ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. కనిపిస్తే చెయ్యి ఊపడం తప్ప మాకు పరిచయం లేదు. ఆవిడ గొలుసు తీయకుండా తలుపు కొంచెం తెరిచింది. వాకిట్లో దీపం కింద ఆయన నాకు స్పష్టంగా కనబడుతున్నారు. పరుగులో మఫ్లర్ జారిపోయింది. మెడ దగ్గర రంధ్రంలోంచి ఆవిరి పొగలా వస్తోంది. మూత తెరిచి గబగబా కొట్టి ఆవిడకి చూపించారు. ఆవిడ వంగి చూసింది. ఏదో అడిగింది. తలుపు వేసేసింది.

తెర మీద అక్షరాలు లేవు. ఆ రోజు ఆఫీసులో పెద్దదానితో పని చూసుకుని దీన్ని డిక్కీలోనే వదిలేయడంతో, పొద్దుటినించీ అక్కడే పడి ఉండి ఆ తెర చలికి బిగుసుకుపోయింది. కొట్టినవి బూడిదరంగు గీతల్లా వచ్చీ రానట్టున్నాయట. నాకు అదంతా తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నేలమీంచి ఇంగ్లీషులోనూ తెలుగులోనూ అరుస్తూ ఉన్నాను. గాలి ఎదురుగా ఉంది. ఆ మూసిన తలుపు దాకా నా గొంతు వెళ్ళలేదు. తలుపు ముందే ఉన్న ఆయనకి గొంతు లేదు.

ఆయన మళ్ళీ తలుపు కొట్టలేదు. కోటు గుండీలు విప్పి, ఆ యంత్రాన్ని లోపల ఛాతీకి హత్తుకుని, రెండు చేతులూ దాని మీద వేసి, తలవంచుకుని నిలబడ్డారు. ఏడుస్తున్నారనుకున్నాను. చాలాసేపు అలాగే ఉన్నారు. తర్వాత దాన్ని బయటికి తీసి, కిటికీ దగ్గరికి వెళ్ళి, తెరని అద్దానికి ఆనించి పట్టుకున్నారు. లోపల కర్టెన్ కదిలింది.

కాసేపటికి ఆవిడ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులోకి వచ్చేసింది. చేతిలో బొంత. అప్పటికే అంబులెన్సుకి ఫోన్ చేసిందట. నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తాగివచ్చిన మనిషేమో అనుకున్నాను, భయపడ్డాను, క్షమించు అని మళ్ళీ మళ్ళీ అంది. తెర మీద ఆయన రాసింది మూడే ముక్కలు. నా భార్య పడిపోయింది. ఫోన్ చేయండి. నాకు మాట రాదు.

కట్టుతో ఇంటికి వచ్చిన మర్నాడు చంకకర్రల మీద వెళ్ళి నిమ్మకాయ కోసం ఫ్రిజ్ తెరవబోయి ఆగిపోయాను. పైన ఫ్రీజర్ తలుపు సందులోంచి ఏదో పొడుచుకొచ్చి ఉంది. లోపల కొబ్బరి తురుము పొట్లాం పక్కన చిన్న ల్యాప్‌టాప్.

"ఇదేమిటండీ?"

ఆయన దాన్ని తీసి బల్ల మీద పెట్టి, తెర తేరుకునేదాకా స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నారు. పెద్దది ముందురోజు గరాజులో ఉంచారట. అది అసలు లేవనే లేదు, దాని డిస్క్ తిరగలేదు. మంచులో బ్రేకులు పట్టే దూరం కొలవడమే వృత్తిగా ఉన్న మనిషికి, ఈ యంత్రాల్ని మంచులో చూడాలని తోచనందుకు ఆయన తనను తాను తిట్టుకుంటున్నారని నాకు అర్థమైంది. "మీకేం తెలుసు అలా అవుతుందని" అన్నాను. ఆయన సెకన్లు కాగితం మీద రాసుకున్నారు.

రిపోర్టు అంతా రాశారు. లెక్కల్లో పెద్దది ఫాస్ట్. మూత తీసి మాట రాయడానికి చిన్నది ఫాస్ట్. చలిలో రెండూ నమ్మదగినవి కావు. మేనేజరు చదివి, బాగా చేశావని మెచ్చుకుని, పెద్దవాటికే ఆర్డర్ పెట్టించాడు. ట్రాక్ మీద ఇంజినీర్లకి కావలసింది లెక్కలు. మీటింగుల బాధ్యత నెమ్మదిగా ఇంకొకరికి ఇచ్చి, మావారిని రిపోర్టులు రాసే పనిలో పెట్టాడు. జీతం తగ్గించలేదు. చిన్నదాన్ని ఉంచుకోమన్నాడు. ఫిర్యాదు చేయడానికేమీ లేదు, అదే ఆయన్ని తినేసింది. ఆ రోజుల్లో ఆయన సాయంత్రాలు గరాజులో కూర్చునేవారు, ఏ పనీ లేకుండా.

"డాడీ ఆ వాయిస్ మెషీన్ ఎందుకు యూజ్ చేయడు? ఆ రోజు ఎదురింటి ఆంటీ వినేది కదా" అని అమ్మాయి ఒకరోజు నన్ను అడిగింది.  ఆ మాట ఆయన విన్నారేమో, డ్రాయర్లోంచి దాన్ని తీసి కోటు జేబులో వేసుకున్నారు. వాడడం మాత్రం నేను చూడలేదు.

ఏప్రిల్లో ఆయనకి చెకప్. ముగ్గురం కారులో వెళ్తున్నాం. కట్టు తీసినా నా కాలు ఇంకా సరిగా వంగడం లేదని వెనక సీట్లో చాపుకుని కూర్చున్నాను. అమ్మాయి ముందు కూర్చుంది. డ్రైవ్ చేస్తున్నప్పుడు ఆయనకి టైప్ చేసే దారి లేదు కాబట్టి కారు ప్రయాణాలంటే మాకు మౌనమే. ఆ రోజు ఎందుకో అమ్మాయి తన స్కూలు గురించి, బ్యాండ్ టీచర్ గురించి, ఒక స్నేహితురాలితో గొడవ గురించి చెప్పుకుంటూ పోయింది. ఆయన తలూపుతున్నారు. ఉన్నట్టుండి అది ఆగి, కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది.

"డాడీ, ఆ క్యాన్సర్ నీకు మళ్ళీ వస్తుందా?"

నేను ఏదో అనబోయాను. ఆయన అద్దంలో నన్ను చూసి చెయ్యి ఎత్తారు. సిగ్నల్ వేసి, కారుని రోడ్డు పక్కన గ్రావెల్ మీద ఆపారు. పెద్ద ట్రక్కు ఒకటి మమ్మల్ని ఊపేస్తూ దాటిపోయింది. సీటు పక్కనుంచి చిన్న ల్యాప్‌టాప్ తీసి, స్టీరింగుకి ఆనించి తెరిచారు. అక్షరాలు తక్షణమే సిద్ధంగా ఉన్నాయి. ఆయన వేళ్ళే కదల్లేదు. అమ్మాయి తొందరపెట్టలేదు, తెర వైపు చూడలేదు కూడా. ఆయన మొహం వైపు చూస్తూ కూర్చుంది.

చాలాసేపటికి కొట్టారు. నాకు వెనకనించి కనబడింది. "తెలియదమ్మా."

అమ్మాయి చదివింది. "ఓకే" అంది. తర్వాత సీటు బెల్టు కాస్త వదులు చేసుకుని, ఆయన చెయ్యి మీద తన చెయ్యి వేసింది. ఆయన కారు మళ్ళీ రోడ్డు మీదికి ఎక్కించారు.