మూడింటికీ ఒకే రిమోట్

నిన్న మా ఇంటికి మాట చెబితే వినే టీవీ వచ్చింది. మా అమ్మాయి సోఫాలో పడుకుని, చెయ్యైనా కదపకుండా దానికి పనులు పురమాయిస్తుంటే నాకు నవ్వు వచ్చింది, కాస్త కుళ్లూ పుట్టింది. ఈ సుఖం కొన్నేళ్లు ముందే వచ్చి ఉంటే తాండూరులో ఒక గది నన్ను అంతలా పట్టి ఉంచేది కాదు కదా అనిపించింది.

పెళ్లై నేను ఆ ఇంటికి వెళ్లేసరికే మా మామయ్యకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది. బండల పాలిష్ యూనిట్ నడిపిన మనిషి, జీవితమంతా మిషన్ల రొదలోనే గడిపారు. అందుకేనేమో నిశ్శబ్దం ఆయనకు అస్సలు పడేది కాదు. టీవీ ఆగితే ఎడమచేత్తో మంచం పట్టె మీద దరువు వేసేవారు, అన్నం ముద్ద నోటికి పోనిచ్చేవారు కాదు. టీవీకొకటి, కేబుల్ డబ్బాకొకటి, సౌండు పెట్టెకొకటి, ఈ మూడు రిమోట్లూ ఆ ఒక్క చేతికి లొంగక, కిందపడి పాడైపోయాయి. మా ఆయన బజారు నుంచి మూడింటికీ పనికొచ్చే ఒకే రిమోట్ తెచ్చి, డిగ్రీ చదివిన పాపానికి నా చేతిలో పెట్టారు.

దానికి పని నేర్పడం అంత తేలిక కాదు. ముందు టీవీని దాని సొంత బటన్‌తో వేసుకోవాలి. రిమోట్ మీద ఎర్రలైటు వెలిగేదాకా సెట్ బటన్ అదిమిపట్టాలి. తర్వాత టీవీకి గురిపెట్టి పవర్ బటన్ నొక్కుతూ పోవాలి. ఎప్పుడో ఒకసారి టీవీ టక్కున ఆరిపోతుంది. సరిగ్గా అప్పుడే మళ్లీ సెట్ నొక్కాలి. ఒక్క నొక్కు ఎక్కువైందా, మళ్లీ మొదటికి రావాల్సిందే. ఆ పైన డబ్బాకూ, సౌండు పెట్టెకూ ఇదే తంతు. ఇదంతా నేను బాగానే నేర్చుకున్నాను. అసలు తంటా మా అత్తమ్మతో వచ్చింది. రిమోట్ కాస్త మందగిస్తే చాలు, బ్యాటరీలు ఊడబీకి వాకిట్లో కాలే బండ మీద అప్పడాలంత శ్రద్ధగా ఎండబెట్టేది. ఎండకు వాటికి కొంచెం ప్రాణం వచ్చేది నిజమే. కానీ బ్యాటరీ తీస్తే ఆ చవకరకం రిమోట్ నేర్చుకున్నదంతా మరిచిపోయేది. ఎన్నిసార్లు చెప్పినా "కొత్తయి ఎందుకే, గీటికి ఇంక దమ్ముంది" అనేది. పుట్టింటికి బయల్దేరినా, పేరంటానికి బయల్దేరినా, చెప్పుల్లో కాళ్లు పెట్టేలోపే గదిలోంచి దరువు వినిపించేది. నా బతుకంతా ఈ మంచం పక్కన కుర్చీలో కూర్చుని బటన్లు నొక్కడానికే సరిపోతుందా అని ఎన్నోసార్లు బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

అలాంటి రోజుల్లో నాకు వికారాబాద్‌లో బీఈడీ సీటు వచ్చింది. రోజూ రైల్లో వెళ్లి రావచ్చు. ఏవో పనులు అడ్డం పడి, చేరడానికి ఆఖరి రోజు దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పొద్దున బ్యాగు భుజాన వేసుకున్నానో లేదో, దరువు మొదలైంది. ముందురోజు ఎండ చూసొచ్చిన బ్యాటరీలు ఆ పొద్దునే మళ్లీ రిమోట్‌లోకి చేరాయి మరి. మా ఆయన అప్పటికే పనికి వెళ్లిపోయారు. బ్యాగు దించి కూర్చున్నాను. తొందరలో ఒక నొక్కు ఎక్కువ నొక్కేశాను, మళ్లీ మొదటికొచ్చింది. ఇక సీటు పోయినట్టేనని కళ్లలో నీళ్లు తిరిగాయి.

రొట్టెల పిండి అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ అత్తమ్మ వచ్చి రిమోట్ లాక్కుంది.

"ఇటు తే. నువ్వు లెవ్వు, బండి పోతది."

"నీకు రాదు గద అత్తమ్మా!"

"ఎందుకు రాదు? రోజు జూస్తలేనా? ఎర్రగ ఎలిగినంక ఒత్తుడే గద. నేనైతే గీ ఇల్లు దాటి యాడికి పోలే. నువ్వన్న పో బిడ్డా."

పరుగున వెళ్లి రైలెక్కాను. సీటు దక్కింది. సాయంత్రం భయపడుతూ ఇంటికొస్తే టీవీ మోగిపోతోంది. మామయ్య హాయిగా నిద్రపోతున్నారు. మంచం పక్కన నా కుర్చీలో అత్తమ్మ కూర్చుని ఉంది. ఆ రోజు నుంచి ఆ కుర్చీ ఆమెదే అయింది. బ్యాటరీలు ఎండబెట్టడం మాత్రం మానలేదు. ఎండబెట్టేదీ ఆమే, మళ్లీ నొక్కుకునేదీ ఆమే. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే "ఇయ్యాల ఏం జెప్పిన్రు?" అని అడిగి, కాలేజీ ముచ్చట్లన్నీ చెప్పించుకునేది.

ఇప్పుడు మామయ్య లేరు, అత్తమ్మా లేదు. చదువుకున్న ఆ రెండేళ్లు నాకు ఇట్టే గడిచిపోయాయి. అవి నాకు అలా గడవడానికి, అత్తమ్మ తన రెండేళ్లను ఆ కుర్చీలో ఒక్కొక్క రోజుగా గడిపింది.