పెన్సిల్ చుక్క

మా నాన్నగారు గుంటూరు దగ్గర మిషన్ బడిలో మాస్టారు. పిల్లలెవరైనా రెండు రోజులు రాకపోతే సైకిలెక్కి వాళ్ళింటికి వెళ్ళి వెంటబెట్టుకొచ్చేవారు. సికింద్రాబాద్‌లో, మోండా మార్కెట్ వెనక బడిలో లెక్కల టీచరుగా చేరినప్పుడు, ఆయన కూతుర్నన్న గీర నాకు బాగానే ఉండేది. గంట కొట్టగానే సంచీ సర్దుకునే టీచర్లను చూస్తే ఒళ్ళు మండేది. రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులవి.

హాజరు పట్టీ విషయంలో మా అందరికీ ఒక అలవాటు. ఆలస్యంగా వచ్చేవాళ్ళ గడిలో పొద్దున పెన్సిల్‌తో చుక్క పెట్టి ఉంచేవాళ్ళం. సాయంత్రం ఆ చుక్క చెరిపి, వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు సిరాతో రాసేవాళ్ళం.

ఆ ఏడు నేను క్లాసు టీచరుగా ఉన్న పదో తరగతిలో, బోయిగూడ నుంచి వచ్చే ఒక పిల్ల దసరా సెలవుల తర్వాత వారానికి రెండేసి రోజులు మానడం మొదలుపెట్టింది. పిలిచి అడిగాను.

"అమ్మకు పాణం బాగుంటలేదు టీచర్. ఇంట్ల నేనే చూస్కోవాలె."

"హాజరు తక్కువైతే హాల్ టికెట్ ఇవ్వరమ్మా."

"జెర మీరే చూడండి టీచర్. మీకు దండం పెడ్త."

చూశాను. ఆ పిల్ల గడిలో చుక్కలన్నీ సాయంత్రానికి హాజరుగా మారిపోయేవి. వచ్చిన రోజుల్లో మొదటి గంటకి ముందే కూర్చోబెట్టి, తప్పిపోయిన పాఠాలు చెప్పేదాన్ని. చురుకైన పిల్ల. కానీ బయట మోటార్‌సైకిల్ ఆగితే చాలు, చేతిలో పెన్ను ఆగిపోయేది. సంక్రాంతి దాటాక చేతికి కొత్త గడియారం కనిపించింది. మామ ఇచ్చాడంది. మంచం పట్టిన తల్లి, కొత్త గడియారం. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని లెక్కల టీచర్నైన నాకు తట్టలేదు. ఓసారి వాళ్ళింటికి వెళ్ళొద్దామని మాత్రం ప్రతి వారం అనుకునేదాన్ని. గడిలో రాయడం తేలిక కాబట్టి అదే చేస్తూ వచ్చాను.

ఒకరోజు మధ్యాహ్నం క్లాసు గుమ్మంలో ఒకామె నిలబడింది. చంకలో ఖాళీ ఆకుకూరల గంప, చేతిలో టిఫిన్ డబ్బా.

"మోండల కూరలమ్ముత టీచరమ్మా. నా బిడ్డ డబ్బ మర్సిపోయింది, జెర పిలుస్తరా?" అంటూ ఆ పిల్ల పేరు చెప్పింది.

"మీకు... ఒంట్లో బాగుందా?" అని అడిగాను.

"నాకేమైంది? మంచిగనే ఉన్న."

"పిల్ల ఇవాళ రాలేదమ్మా."

"గట్లెట్ల? పొద్దుగాల డ్రెస్ ఏసుకొనే ఎల్లింది గద." ఆమె గంప కింద దించింది. "పోయిన నెల సుత ఒచ్చిన. రైలు టేషన్ కాడ ఎవని బండిమీదనో కనిపించిందని పక్కింటామె చెప్తే పరేషానై ఉరికొచ్చిన. పెద్ద టీచర్ పుస్తకం తీసి చూపెట్టింది, ఒక్క దినం సుత మానలేదని. నా బిడ్డ మీద నిందలేస్తవా అని ఆ పక్కింటామెతోని కొట్లాడిన."

ఆ పుస్తకం రాసింది నేనేనని చెప్పాను. ఎందుకు రాశానో కూడా చెప్పాను. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని. డబ్బా ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది.

రోజూ ఐదింటికల్లా ఇల్లు చేరే పిల్ల ఆ రోజు చేరలేదు. తల్లితో పాటు నేనూ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. ఎస్సై హాజరు పట్టీ తెప్పించి నా ముందు పెట్టాడు.

"ఏ దినాలు నిజంగ రాలేదో గుర్తు పెట్టండి మేడమ్. ఆ దినాలల్ల పిల్లను ఎవరెవరు చూసిన్రో అడగాలె."

పెన్ను తీసుకుని గడులు ఒక్కొక్కటే చూశాను. దసరా నుంచి ప్రతి గడీ ఒకే సిరా, ఒకే చేతిరాత. చుక్కలన్నీ నేనే శుభ్రంగా చెరిపేశాను. ఒక్క రోజు కూడా ఖాయంగా చెప్పలేకపోయాను. తల్లి నా పక్కనే నిలబడి ఆ గడుల వంకే చూస్తోంది.

మార్చిలో హాల్ టికెట్లు వచ్చాయి. ఆ పిల్లదీ వచ్చింది, హాజరు సరిపోయింది కదా. ఫొటోలో రెండు జడలు. తీసుకోవడానికి ఆ పిల్ల రాలేదు, ఇప్పటికీ రాలేదు. అది పట్టుకుని మొదటిసారి బోయిగూడకి నడిచాను. పావుగంట పట్టింది.