సర్వర్ గదిలో సువార్తక్క

సువార్తక్క కన్నుమూశారన్న కబురు ఉదయం ఫోన్‌లో సందేశంగా వచ్చింది. పంపిన నంబరు నాకు తెలియనిది. ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చుకోకుండా ఏ కబురునూ నమ్మవద్దని నేర్పింది ఆవిడే కనుక, వెంటనే ఆరాంఘర్‌లోని వాళ్ల ఇంటికి ఫోన్ చేశాను. ఆమె తమ్ముడు ఎత్తి, "నిజమే అక్కా, పొద్దుగాల పోయింది" అన్నాడు. ఆ తరువాత కూడా ఎవరో పొరబడ్డారనే అనుకుంటూ చాలాసేపు కూర్చుండిపోయాను.

శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన కొత్తలో, ఆ పక్కనే వెలసిన ఒక సరుకు రవాణా కార్యాలయంలో కంప్యూటర్ల బాధ్యత అంతా ఆమెది. నేను గుడివాడ నుంచి వచ్చి ఆమె దగ్గర సహాయకురాలిగా చేరాను. మితభాషి, నిష్ఠాపరురాలు, ఆదివారం ప్రార్థన మానని మనిషి. విమానాల్లో వెళ్లే సరుకుల పత్రాలన్నీ మా సర్వర్ గుండానే నడిచేవి. రాగానే ఆమె చేసే మొదటి పని, సర్వర్‌లోకి ఎంత డేటా వచ్చింది, ఎంత బయటికి పోయింది అని చూడటం. తెర మీద రాకకు ఒక గీత, పోకకు ఒక గీత. టీ తాగటం ఆ తరువాతే.

ఒక వేసవిలో బయటికి పోయే గీత కారణం లేకుండా పైకి లేవసాగింది. పత్రాలు నత్తనడక నడిచాయి. అందాల్సిన విమానం అందక మందుల పెట్టెలు గోదాములో ఆగిపోయాయి. మేనేజరు అందరినీ పిలిచి, మనలోనే ఎవరో వివరాలను పోటీ సంస్థకు చేరవేస్తున్నారని అన్నారు. పేరు చెప్పలేదు గానీ ఆయన చూపు పత్రాలు టైపు చేసే యాదగిరి మీద ఆగింది. యాదగిరిది కొత్వాల్‌గూడ. వాళ్ల భూమి విమానాశ్రయం కింద పోయింది. కడుపుమంట ఉండకపోదని నలుగురూ గుసగుసలాడారు.

ఆ రోజు నుంచి ఆఫీసు గాలే మారిపోయింది. పక్కవాళ్లకు కనబడకుండా తెరలు తిప్పుకున్నారు. సర్వర్ గదిలో పనిచేసే నన్ను చూడగానే మాటలు ఆపేవారు. యాదగిరితో "మాకు నీ మీద నమ్మకముంది" అన్నవాళ్లే అన్నం డబ్బాలు తీసుకుని వేరే బల్లకు మారారు.

సువార్తక్క మొదట నా దగ్గరికే వచ్చింది. "జర లెవ్వు, నీ మిషిన్ చూస్త. నువ్వంటే నాకు ఇష్టం, అందుకే ముందు నీదే చూడాలె" అంది. నాకు ఒళ్లు మండింది. తరువాత యాదగిరి ముందు నిలబడి, "నాకు నీ మీద గూడ అనుమానమున్నది. ఏం దొరకకపోతే గదే అందరికీ చెప్త" అంది. ఆమె కరకుతనానికి అందరూ నొచ్చుకున్నారు. యాదగిరి మాత్రం లేచి కుర్చీ ఇచ్చాడు.

నా దాంట్లో లాగే అతని కంప్యూటర్‌లోనూ ఏమీ దొరకలేదు. అక్క ఆ మాటే అందరికీ చెప్పింది. అయినా మేనేజరు అతన్ని ఇంట్లో కూర్చోబెట్టారు. గీత దిగలేదు. బయటి నుంచి చేస్తున్నాడని ఆయన వాదన. యాదగిరి పేరుతో నివేదిక రాసి సంతకం పెట్టమని అక్క మీద ఒత్తిడి తెచ్చారు. "నాకింకా తెలుస్తలేదు సార్. తెల్వంది తెలుసని ఎట్ల రాయాలె?" అని ఆమె మళ్లీ తెర వైపు తిరిగింది.

సర్వర్‌లో ఏ ప్రోగ్రాము ఎంత పంపుతోందో, ఎక్కడికి పంపుతోందో విడివిడిగా చూసుకుంటూ వచ్చింది. పోతున్నవి సరుకుల పత్రాలు కావు, ఆఫీసులోని ఏదో కెమెరా దృశ్యాలు. అన్నీ ఒకే ఇంటర్నెట్ చిరునామాకు పోతున్నాయి. మేనేజరు ఇంటి నుంచి ఆఫీసు మెయిలు చూసుకునే చిరునామా అదే. గీత లేచేది కూడా ఆయన తొందరగా ఇంటికి వెళ్లిన మధ్యాహ్నాల్లోనే.

అప్పటికీ ఆమె నమ్మలేదు. ఆయన తొందరగా వెళ్లిపోయిన ఒక మధ్యాహ్నం, అది ఏ కెమెరానో తేల్చుకోవడానికి నన్ను వెంటబెట్టుకుని ఆడవాళ్లు భోంచేసే గదికి వెళ్లింది. ఆ మూలన ఒక కెమెరా ఉండేది. అది పనిచేయదని మాకు చెప్పారు. ఆ గదిలోనే మేం నడుం వాల్చేవాళ్లం, చీరలు సర్దుకునేవాళ్లం. అక్క కుర్చీ ఎక్కి దాని వైరు పీకింది. తిరిగి వచ్చి చూస్తే గీత పడిపోయి ఉంది. కాసేపటికే మేనేజరు ఇంటి నుంచి ఫోన్ చేసి, సిస్టమ్‌లో ఏమైనా ఆగిపోయిందా అని అడిగారు.

మర్నాడు సమావేశంలో ఆమె లేచి నిలబడింది. "సార్, గీ లైన్ల పోయేది సరుకుల లెక్క గాదు. మేం అన్నం తినేది పోతున్నది. మీ ఇంటికి పోతున్నది."

భద్రత కోసం పెట్టానని ఆయన ఏదో చెప్పబోయారు. వినడానికి మేం ఆగలేదు. ఆడవాళ్లం ఒక్కొక్కరం లేచి బయటికి వచ్చేశాం. పెద్ద ఆఫీసు ఆయనను వేరే ఊరికి మార్చింది, అంతే. క్షమాపణ అన్న మాట ఎవరి నోటా రాలేదు. యాదగిరిని వెనక్కి పిలిచారు. మరుసటి ఏడాది అక్క ఉద్యోగాన్ని మాత్రం పొడిగించలేదు. అది ఆమె ముందే ఊహించినట్టుంది. నిబ్బరంగా వెళ్లి ఒక కళాశాలలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంది.

మొన్నటి వానాకాలంలో జబ్బు బయటపడినప్పుడు కూడా రక్తం సీసాలు తారుమారయ్యాయేమో అని మళ్లీ పరీక్ష చేయించుకుంది. ఫలితం మారలేదు. దవాఖానలో మంచం పక్కన కూర్చున్న నాతో, "గీసారి నా అనుమానం తప్పింది" అని నవ్వింది. ఆ ధైర్యానికి, ఆ సత్యనిష్ఠకు శిరసు వంచి అంజలి ఘటిస్తున్నాను.

సమాధుల తోటలో యాదగిరి కనిపించాడు. ప్రార్థన ముగిసి అందరూ కదులుతున్నా అతడు అక్కడే నిలబడ్డాడు. దగ్గరికి వెళితే నెమ్మదిగా అన్నాడు: "అప్పుడు అందరు నమ్ముతున్నమని చెప్పి మొఖం తిప్పుకున్నరు. ఈమె ఒక్కతే అనుమానమున్నదని మొఖం మీద చెప్పి, నా కోసం వెతికింది."

నన్ను అంత శ్రద్ధగా అనుమానించే మనిషి ఇక లేదు.