కొట్టం గుంజకు అతికించిన కాగితం

ఇది రాస్తానని మా ఆయనకు ముందే చెప్పాను. ఊరి పేరు రాయకు, నా పేరు రాయకు, బర్రె పేరు అసలే రాయకు అన్నాడు. మూడూ రాయను. పరకాల దిక్కు ఒక ఊరు అనుకోండి, చాలు.

క్రిస్మస్ సెలవు శని, ఆదివారాలతో కలిసి వచ్చిందని మా అల్లుడు ములుగు అవతలి అడవిలో ఒక కాటేజీ మాట్లాడాడు. రెండు రాత్రులు ఉండాలట. ఆయనది మడికొండలో కంప్యూటర్ల కొలువు, సెలవు దొరకడమే కష్టం. నువ్వూ బాపూ రావాల్సిందేనని బిడ్డ ఫోను చేసింది. కాటేజీ అంటే ఏమిటని అడిగితే చెక్కలతో కట్టిన గుడిసె అంది. గుడిసెలో ఉండలేకనే కదా మేము స్లాబు వేసుకున్నది, మళ్లీ కిరాయి కట్టి గుడిసెకు పోవుడేంది అన్నాను. అన్నాను గానీ పోవాలనే ఉంది. బుద్ధి ఎరిగినప్పటి నుంచి పెళ్లికో చావుకో తప్ప ఇంకో ఊళ్లో పండుకున్నది లేదు.

అడ్డం వచ్చింది బర్రె. ఈని నెల కాలేదు. అది నా చేతికే పాలు ఇస్తుంది. ఇంకెవరు కూర్చున్నా పాలు పైకి గుంజుకుని కాలు లేపుతుంది. నాలుగు పూటలు పిండకపోతే పొదుగు రాయి అవుతుంది. దీనికి ఉపాయం మా దిక్కు అందరికీ తెలుసు, ఎవరూ బయటికి చెప్పుకోరు. పిండే ఆడమనిషి ఊరికి పోతే, ఆమె కట్టి విడిచిన చీరను మొగుడు కట్టుకుని, కొంగు నెత్తిన వేసుకుని కూర్చోవాలి. బర్రె వాసన చూసి ఆమే అనుకుంటుంది.

మా ఆయన పంచాయితీలలో పెద్దమనిషిగా కూర్చుంటాడు. మీసం దువ్వనిదే గడప దాటడు. చీర మాట ఎత్తినంక మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నం ముందర కూర్చుని అన్నాడు.

"కట్టుకుంట. కని ఒక్క పురుగుకు తెల్వద్దు. తెలిసిందా, బర్రెను అమ్ముత."

సరే అన్నాను.

నాకు అక్షరాలు యాభై ఎనిమిదో ఏట వచ్చాయి. ఎండాకాలం సెలవులకు వచ్చిన మనవరాలు నేర్పింది. ఆలస్యంగా వచ్చిన అక్షరాలు చేతిలో ఊరుకోవు. ఉప్పు డబ్బా మీద ఉప్పు అని రాస్తాను, నాకు తెలియనట్టు. బయలుదేరే ముందురోజు నోటుబుక్కులో కాగితం చింపి, దాణా ఎంత, నీళ్లు ఎప్పుడు, చీర ఎట్లా కట్టాలి, ఏ చన్ను మొదలు పట్టాలి, అన్నీ పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. రాసినంక చాలా ముద్దుగా కనిపించింది. తెల్లవారుజామున బర్రెను పిండి, కాగితాన్ని అన్నం మెతుకులతో కొట్టం గుంజకు అతికించి కారెక్కాను.

మంచు ఎట్లా ఉందంటే, లైటు వెలుగు కారు మూతి దాటడం లేదు. అల్లుడు మంచివాడే, కానీ ఆయనకు దారి ఫోనే చెప్పాలి. ఫోను మీద నాకు నమ్మకం లేదు. కిటికీ అద్దం దించి, తల బయట పెట్టి, కనిపించిన బోర్డు కనిపించినట్టు చదువుతూ పోయాను. ఎరువుల దుకాణం, సర్కారు బడి, ముందు మూలమలుపు. చలి పెడుతోంది అద్దం ఎక్కించమని బిడ్డ మొత్తుకుంది. ఎక్కిస్తే దారి ఎవరు చూడాలి అన్నాను.

పన్నెండేళ్ల మనవరాలు నా శాలువలోనే ముడుచుకుని కూర్చుంది. నిద్రలో ఉందనుకున్నాను. మెల్లగా అడిగింది.

"అమ్మమ్మా, తాతకు చదువుడు రాదు కదా. నువ్వు అంటించిన పేపర్ ఎవరు చదువుతరు?"

తల చటుక్కున లోపలికి తీసుకున్నాను. పొద్దుగూకే వేళ పాలకు వచ్చే నలుగురు ఆడవాళ్లు ఆ గుంజ పక్కనే చెంబులు పట్టుకుని నిలబడతారు. నలుగురికీ చదువు వచ్చు. అందులో ఒకామెది మైకు గొంతు. చదవాల్సిన మనిషికి చదువు రాదు, చదవకూడని వాళ్లందరికీ వచ్చు. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు.

ఆపు అని ఒక్క కేక పెట్టాను. అల్లుడు బ్రేకు తొక్కాడు. కారు పక్కకు జారి, యాసంగి వరి నాటుకని నీళ్లు పెట్టి ఉంచిన మడిలోకి ముందు చక్రాలు దించింది.

ఏమైంది అత్తమ్మా అని అల్లుడు అడిగాడు. మా ఆయనకు మాట ఇచ్చాను కదా, అందుకే ఏం కాలేదు అన్నాను. ఏం కాకుండానే మడిలో ఉన్నామా అని బిడ్డ అడిగింది. ఫోను చేద్దామంటే మా ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అది నా సంచిలో ఉంది. పక్కింటి వాళ్లకు చేసి కాగితం చింపమంటే, చదవకుండా చింపే మనిషి ఈ లోకంలో ఉందా?

పది గంటలకు ఒక ట్రాక్టరు దొరికింది. దాని మీది మనిషి దిగి కారు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"మడి దున్నాల్నంటె మమ్ముల పిలువాలె గని, కారు దించుతరా సార్?"

అల్లుడు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి బురదలో నిలబడి నెట్టాడు. ఒక బూటు మడిలోనే ఉండిపోయింది. వెనక్కి పోదామన్నాను. ఎందుకో చెప్తే పోదామంది బిడ్డ. నేను చెప్పలేదు, ఆమె పోనివ్వలేదు. నా బిడ్డే మరి.

కాటేజీ బాగానే ఉంది, అబద్ధం ఆడను. చుట్టూ టేకు చెట్లు. నల్లా తిప్పితే వేడినీళ్లు. పరుపు మీద పండుకుంటే మనిషి లోపలికి దిగిపోతుంది, లేవడానికి ఇద్దరు కావాలి. పొద్దుగూకి మంట చుట్టూ కూర్చుంటే నా వేళ్లు వాటంతట అవే పిండుతున్నాయి. మనవరాలు చూసి నవ్వింది. తెల్లారి జింకలు వచ్చాయని అందరినీ లేపారు. నేనూ పోయి చూశాను. అందరూ వాటి కళ్లు చూశారు, నేను పొదుగులు చూశాను.

ఇక ఆగలేక, బర్రె సంగతి, ఇంతకంటే అడగొద్దు, నేను బస్సుకు పోతాను అని సంచి భుజాన వేసుకున్నాను. బిడ్డ రెండో రాత్రి సంగతి ఎత్తబోయింది. అల్లుడు ఆరేసిన సాక్సులు తీసుకుని కారు దగ్గరికి నడిచాడు. ఎక్కేముందు మాత్రం ఒక్క మాట అన్నాడు.

"అత్తమ్మా, ఈసారి ఆపుమనేది ఉంటే జర మెల్లగ చెప్పండి."

చక్రంలో ఎండిన బురదకు కారు కరకరమంది. ములుగులో మెకానిక్కు దగ్గర సగం పూట పోయింది. ఇల్లు చేరేసరికి మళ్లీ పాలవేళ.

ఎప్పుడూ తెరిచి ఉండే గేటుకు లోపలి నుంచి గడియ ఉంది. పెరటి దిక్కు నుంచి పోయాము. గుంజ మీద కాగితం లేదు, మెతుకులే ఉన్నాయి. ఎవరో చించుకుపోయారు, ఊరంతా చదివారు, బర్రె అంగట్లో ఉంటుంది అనుకున్నాను.

బర్రె కొట్టంలోనే ఉంది. దాని పక్కన నా ఆకుపచ్చ చీరలో, కొంగు నెత్తిన వేసుకుని మా ఆయన కూర్చున్నాడు. కొంగు కింది నుంచి మీసం కొస కనిపిస్తోంది. గిన్నెలో పాలు సగానికి వచ్చాయి. అయిపాయె బిడ్డా, ఇంక జరంతనే అని దాన్ని బతిమాలుతున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో నన్ను ఒక్కనాడు అట్లా బతిమాలలేదు. వెనక బిడ్డ ఫోను పైకి లేపింది. దాని చెయ్యి కిందికి నొక్కి పట్టుకున్నాను. కారు మడిలోకి ఎందుకు పోయిందో దానికి అప్పుడు అర్థమైంది. కొంగు నోట్లో కుక్కుకుని బయటికి ఉరికింది.

పిండడం అయినాక చీర మడత పెట్టుకుంటూ వచ్చాడు. నన్ను చూసి ఉలికిపడి, ఏం కానట్టే మంచం మీద కూర్చున్నాడు. పాలవాళ్లను లోపలికే రానివ్వలేదట. ఈనిన బర్రె పొడుస్తాందని చెప్పి గేటు కాడనే పోశాడట. నేను కాగితం అడిగాను. అంగీ జేబులోంచి నాలుగు మడతలది తీశాడు.

"నువ్వు కారెక్కంగనే తీసిన. నువ్వు రాసినదాన్ని ఊరోళ్లతోటి చదివిచ్చుకోవాల్నా? చదువు."

పక్కన కూర్చుని చదివాను. ఒక్కొక్క మాటకూ చేసిన, అదీ చేసిన అంటూ పోయాడు. చన్ను దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. అది తప్పు. కుడిది కాదు, ఎడమది మొదలు పట్టుకుంటెనే ఇస్తది."

గాలిలో రెండు చేతులూ పెట్టి పిండి చూసుకున్నాను. ఆయన చెప్పిందే నిజం. రోజూ చేసే పనిని రాసేటప్పుడు తప్పు రాశాను. మనవరాలి పెన్ను అడుక్కుని కుడి కొట్టేసి, పైన ఎడమ అని రాశాను. ఆయన కాగితం తీసుకుని చానా సేపు చూశాడు.

"ఎడమనే రాసినవా? నాకెట్ల తెలుస్తది?"

"నమ్మాలె" అన్నాను.