అది ఆయన స్వభావం అనుకున్నాను

1999 నవంబరులో ఒక ఆదివారం స్టీవెనేజ్‌లోని మా ఇంట్లో పప్పు మాడింది. మేడ మీద బట్టలు మడత పెడుతున్న నాకు వాసన వచ్చింది. పరుగున దిగి వచ్చేసరికి గిన్నె అడుగు నల్లగా అయిపోయింది. మావారు శ్రీహరి స్టవ్వుకి వీపు పెట్టి, రెండడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు.

"ఇంత కంపు కొడతా ఉంటే తెలీలేదా మీకు?" అని అరిచాను.

"ఏం కంపు?" అన్నారు తలెత్తి.

ఒళ్లు మండిపోయింది నాకు. ఆయనకు నిజంగానే వాసన తెలియలేదేమో అన్న ఆలోచన ఆ కోపంలో రాలేదు.

మాది నెల్లూరు. మావారు ఇంజనీరు. పెళ్లయిన ఏడాదికే ఇంగ్లండు వచ్చాం. ఆయన జన్మలో సిగరెట్ ముట్టలేదు. ఇంటిల్లిపాదీ కాఫీ తాగే కుటుంబంలో పుట్టి కూడా గ్లాసుడు పాలే తాగేవారు. ఆఫీసుకి ఎప్పుడూ ఒకే దారిలో వెళ్లేవారు. కొత్త ఊరికి పోదామంటే "ఎందుకులే" అనేవారు. ప్లగ్ తీశామా లేదా అని మూడుసార్లు చూసుకునే మనిషి. కొత్తలో ఆ జాగ్రత్త నాకు ధైర్యంగా ఉండేది. తర్వాత్తర్వాత ఊపిరాడనట్టుండేది.

మరుసటి ఏడాది ఆయన కుడి భుజం పట్టేసింది. మా ఫ్యామిలీ డాక్టరు, అదే జీపీ, చూసి "ఫ్రోజెన్ షోల్డర్" అని వ్యాయామాలు రాసిచ్చారు. నడిచేటప్పుడు ఆ చెయ్యి ఊగడం లేదని నేను గమనించాను గానీ, నొప్పి వల్లేననుకున్నాను. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఆయన ముఖం. అందులో నవ్వు పోయింది. వెంబ్లీలో నా స్నేహితురాలు ఇందిర ఇంటికి భోజనానికి వెళితే, వాళ్ల చిన్నపాప నా చెవిలో "ఆంటీ, ఈజ్ అంకుల్ యాంగ్రీ విత్ అజ్?" అని అడిగింది. ఆ తర్వాత పిలుపులు తగ్గిపోయాయి.

2001లో మా అమ్మాయి మాధవి మాంచెస్టర్ యూనివర్సిటీకి వెళ్లిపోయింది. ఇంట్లో ఇద్దరమే మిగిలాం. నేను పనిచేసే లైబ్రరీలో జరిగిన సంగతులు సాయంత్రం ఆయనకు చెప్పేదాన్ని. ఆయన ముఖంలో ఒక్క గీత కదిలేది కాదు. నేనంటే విసుగు పుట్టిందనుకున్నాను. కొన్నాళ్లకు చెప్పడం మానేశాను. ఆ ఇంట్లో మాటలు లేకుండా ఎన్ని సాయంత్రాలు గడిచాయో నాకే తెలియదు.

మరుసటి ఫిబ్రవరిలో మాధవి పుట్టినరోజుకి కార్డు పంపాం. అది అందగానే ఫోన్ చేసింది. "మమ్, వాట్స్ హాపెండ్ టు డాడ్స్ రైటింగ్?" అంది. అక్షరాలు మొదట మామూలుగా ఉండి, పోనుపోను చీమలంత అయిపోయాయట. ఆ మాట పట్టుకుని మళ్లీ జీపీ దగ్గరికి తీసుకెళ్లాను. ఈసారి జీపీ ఆయన్ని గదిలో అటూ ఇటూ నడిపించి చూసి, న్యూరాలజిస్టుకి ఉత్తరం రాశారు. అపాయింట్‌మెంటుకి నాలుగు నెలలు పట్టింది.

న్యూరాలజిస్టు ఆయన చేత వేళ్లు టకటకా తట్టించారు. మణికట్టు తిప్పి చూశారు. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టారు. స్మోక్ చేస్తారా? ఎప్పుడూ లేదు. కాఫీ? లేదు. వాసన తెలుస్తుందా?

"మూడేళ్లుగా తెలియట్లేదు," అన్నారు మావారు.

నేను నిర్ఘాంతపోయాను. "నాకు చెప్పలేదే?"

"చెప్పడానికేముంది అందులో?"

డాక్టర్ పెన్ను కింద పెట్టారు. "ఐ థింక్ దిస్ ఈజ్ పార్కిన్సన్స్ డిసీజ్," అన్నారు. వాసన తెలియకపోవడం, చెయ్యి ఊగకపోవడం, అక్షరాలు చిన్నవైపోవడం, ముఖంలో కదలిక తగ్గడం, అన్నీ ఈ జబ్బు గుర్తులేనట.

సిగరెట్, కాఫీ సంగతి ఎందుకడిగారని తర్వాతి విజిట్‌లో నేను అడిగాను. ఈ జబ్బు వచ్చినవాళ్లలో ఆ అలవాట్లు లేనివాళ్లు, జాగ్రత్తపరులు కొంచెం ఎక్కువగా కనిపిస్తారని ఆయన చెప్పారు. కానీ ఆ స్వభావం వల్ల జబ్బు వస్తుందో, లేక బయటపడడానికి ఏళ్ల ముందే మెదడులో డోపమిన్ అనే రసాయనం తగ్గుతూ మనిషిని అలా మారుస్తుందో ఎవరికీ తెలియదన్నారు. "ఇది గుంపుల లెక్క. ఒక్క మనిషి గురించి ఏమీ చెప్పలేం."

"అయితే ఇన్నేళ్లూ నేను చూసింది ఆయన స్వభావమా, జబ్బా?"

"ఐ కాంట్ టెల్ యు దట్," అన్నారాయన మెల్లగా.

నెల్లూరు నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసి, "అన్నీ లోపలే పెట్టుకుంటాడు గదా వదినా, అందుకే వచ్చింది. నువ్వన్నా కాస్త మాట్లాడిస్తా ఉండాల్సింది," అంది. రెండు రోజులు అన్నం సయించలేదు నాకు.

మొదట డోపమిన్ అగోనిస్ట్ అనే రకం, అంటే డోపమిన్‌లా పనిచేసే మాత్రలు మొదలుపెట్టి, డోసు పెంచుతూ పోయారు. 2004 వేసవి వచ్చేసరికి చెయ్యి తేలికపడింది. ఇంకోటి కూడా జరిగింది. ఒక శనివారం పొద్దున ఆయన నన్ను తట్టి లేపి, "సుజా, లే, సముద్రం చూసొద్దాం పద," అన్నారు. నార్ఫోక్ తీరంలో కాగితం పొట్లంలో చిప్స్ తింటూ గాలికి ఎగిరిన నా చీర కొంగు పట్టుకుని గట్టిగా నవ్వారు. ఇంటికొచ్చి కాఫీ పెట్టమన్నారు. ఇందిర వాళ్లకి తనే ఫోన్ చేసి భోజనానికి పిలిచారు. ఇరవై మూడేళ్ల కాపురంలో నేను కోరుకున్న మనిషి వచ్చాడనుకున్నాను.

తర్వాత గడియారం విప్పారు. ఆపైన రేడియో, వాక్యూమ్ క్లీనర్. గ్యారేజీలో నేల మీద కూర్చుని మరమేకులను సైజు ప్రకారం పేర్చి, చెరిపి, మళ్లీ పేర్చేవారు. భోజనానికి పిలిస్తే "నా పని నన్ను చేసుకోనీ!" అని కసురుకునేవారు. ఒకరోజు ఆఫీసుకని బయల్దేరి అక్కడికి చేరనే లేదు. సాయంత్రం ఎక్కడో సముద్రం ఒడ్డున ఫోన్ బూత్ నుంచి "రోడ్డు బాగుంది, పోతానే ఉన్నా," అన్నారు.

ఆ మధ్యలో రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లాం. "ఎలా ఉన్నారు?" అని అడిగితే "చాలా బాగున్నారు," అని నేనే చెప్పాను. చెబితే డోసు తగ్గిస్తారని, ఆ నవ్వే మనిషి వెళ్లిపోతాడని నాకు భయం.

నాలుగో నెలలో ఆయన ప్లగ్ తీయకుండానే వాషింగ్ మెషీన్ విప్పారు. పెద్ద చప్పుడు విని నేను వెళ్లేసరికి షాక్ కొట్టి గోడకు ఆనుకుని పడి ఉన్నారు. అరచెయ్యి కాలింది. ప్రాణం దక్కింది. ఆసుపత్రి ఎమర్జెన్సీ నుంచి వచ్చాక, పార్కిన్సన్స్ నర్సు ముందు కూర్చుని అంతా చెప్పేశాను.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అని ఆమె నెమ్మదిగా అడిగింది.

"బికాజ్ ఐ లైక్డ్ హిమ్," అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు ఏడ్చాను.

ఇదంతా ఆ మాత్ర వల్లేనని చెప్పి, దాన్ని మెల్లగా తగ్గించి లెవోడోపా అనే వేరే మందు ఇచ్చారు. మరమేకులు పేర్చడం ఆగింది. కాఫీ కూడా ఆగింది. పాత మనిషి తిరిగొచ్చారు. అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. కానీ వెళ్లిపోయిన మనిషి కోసం దిగులు పడుతున్నానని ఎవరితో చెప్పను? ఒకసారి ఆయన్నే అడిగాను, ఆ నాలుగు నెలలూ ఎట్లా ఉండిందని.

"బాగుండింది. అది నేనేనని చెప్పలేను. కాదనీ చెప్పలేను," అన్నారు.

ఇప్పుడు 2008. ఆయన ముందుగానే రిటైరయ్యారు. రోజూ పొద్దున్నే చెరువు చుట్టూ నడుస్తాం. వ్యాయామం మేలు చేస్తుందని డాక్టర్లు చెప్పారు. మిగతా రోజంతా ఇల్లు నిశ్శబ్దంగానే ఉంటుంది. అది పోయిందని అబద్ధం చెప్పను.

ఇలాంటి జబ్బు మనిషితో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. చేతివణుకు, నడకతో పాటు స్వభావంలో వచ్చే మార్పులు కూడా ఒక నోటుబుక్కులో రాయండి. మీకు నచ్చిన మార్పులైనా సరే రాయండి. వాటిని డాక్టర్‌కి చదివి వినిపించండి. ఆ చదవడం మాత్రం ఆ మనిషి ఎదుటే జరగాలి.

పోయిన నెల అపాయింట్‌మెంటులో నేను అలాగే చదువుతున్నాను. "ఈ వారం రెండుసార్లు కోప్పడ్డారు. ఒక్కసారీ నవ్వలేదు."

పక్కనుంచి మావారు, "ఒకసారి నవ్వాను," అన్నారు. "శుక్రవారం. నువ్వు మాధవితో ఫోన్లో మాట్లాడతా ఉంటే. మొహం మీదికి రాలేదు, అంతే."

డాక్టర్ దగ్గర పెన్ను అడిగి తీసుకుని, అక్కడే దిద్దాను.